పన్నెండు వోల్టుల మీద దీపమూ దారీ

1977లో తియెరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు అబిజాన్ నుంచి నీస్ దాకా సాగే ర్యాలీలో మోటార్‌సైకిల్ నడుపుతూ లిబియా ఎడారిలో దారి తప్పాడు. ఎటు చూసినా ఇసుకే. తానెక్కడున్నాడో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ల కంటపడి ప్రాణాలతో బయటపడ్డాడు. మరొకరైతే మళ్లీ ఆ ఎడారి ముఖం చూసేవారు కాదు. సబీన్ మాత్రం దాన్ని పదిమందికీ చూపించాలని పంతం పట్టాడు. ఆయన మొదలుపెట్టిన పోటీ 1978 డిసెంబరు 26న పారిస్‌లో బయల్దేరి సెనెగల్ రాజధాని డాకర్ వైపు సాగింది. ఆ మొదటి పారిస్-డాకర్ ర్యాలీని సిరిల్ నెవ్యూ యమహా ఎక్స్‌టీ 500 మీద గెలిచాడు. 1980లో బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ వచ్చింది. తారురోడ్డు మీద వందల కిలోమీటర్లు పోగలదు, రోడ్డు అయిపోయాక మట్టిలోనూ సాగగలదు. మరుసటి ఏడాదే ఉబేర్ ఓరియోల్ బీఎండబ్ల్యూ మీద డాకర్ గెలిచాడు. ఇవాళ మనం అడ్వెంచర్ బైకు అంటున్న జాతి అలా స్థిరపడింది. మన దేశంలో 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కూడా ఆ వంశానిదే.

అడ్వెంచర్ బైకు కొన్నవాళ్లలో చాలామంది ముందుగా కొనేవి రెండు: ఒక జత అదనపు లైట్లు, ఒక జీపీఎస్. చూసేవాళ్లకు అవి షోకులా కనిపించవచ్చు. నిజానికి చీకటి, తెలియని చోటు అనే రెండు పాత ప్రమాదాలకు మనిషి వెతికిన జవాబులవి. ఒకటి సెమీకండక్టర్ ప్రయోగశాలలో పుట్టింది, ఇంకొకటి అంతరిక్షంలో. రెండూ చివరికి బైకు సీటు కింద ఒకే బ్యాటరీ దగ్గర కలుస్తాయి. వాటి పుట్టుక తెలిస్తే ఎలా బిగించాలో, ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

కార్బైడ్ నుంచి నీలి కాంతి దాకా

తొలి మోటార్‌సైకిళ్లకు కరెంటు దీపాలు లేవు. కాల్షియం కార్బైడ్ ముక్కల మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడితే అసిటిలీన్ వాయువు పుడుతుంది. దాన్ని అద్దం ముందు వెలిగించేవారు. 1913లో బాష్ సంస్థ జనరేటరు, రెగ్యులేటరు, బ్యాటరీ, హెడ్‌లైట్లు కలిపి ఒకే సెట్టుగా కార్ల కోసం తెచ్చింది. వాహనాల వెలుగు ఇంజను తిప్పే జనరేటరుకు ముడిపడింది ఆ కాలంలోనే.

మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడికి కొంచెం కొంచెంగా ఆవిరై గాజుకు అంటుకుంటుంది, బల్బు నల్లబడుతుంది. లోపల అయొడిన్, బ్రోమిన్ వంటి హాలోజన్ మూలకం ఉంటే ఆ ఆవిరిని పట్టి తిరిగి తీగ మీదికే చేరుస్తుంది. ఈ సూత్రంతోనే 1971లో రెండు తీగల హెచ్4 బల్బు వచ్చింది. హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55 వాట్లు. దశాబ్దాల పాటు బైకుల ముఖాన వెలిగింది అదే. కానీ ఆ వాట్లలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. 55 వాట్లు మింగి ఇచ్చే వెలుగు సుమారు 1000 ల్యూమెన్లే. ఆ రోజుల్లో అదనపు లైట్లంటే మరో 110 వాట్ల భారం.

ఆ భారాన్ని దించింది ఎల్ఈడీ. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్ర ఎల్ఈడీని వెలిగించాడు. తెల్లని వెలుగు కావాలంటే నీలి కాంతి కావాలి, దానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాలు లేకుండా పెంచడం అంత కష్టం. జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఆ స్ఫటికాన్ని దారికి తెచ్చారు. 1993లో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని చేసి చూపాడు. నీలి కాంతి మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే కంటికి తెలుపు కనిపిస్తుంది. ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మంచి ఎల్ఈడీ ఇవాళ వాట్‌కు వంద ల్యూమెన్లకు పైగానే ఇస్తుంది. అందుకే అరచేతిలో ఇమిడే 20 వాట్ల దీపం పాత హెడ్‌లైటును మించిపోతోంది.

అంత వెలుగు దేనికంటారా? గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా గేదె కనిపించి, అది గేదె అని తెలిసి, చెయ్యి బ్రేకు మీద పడటానికి సెకనున్నర అనుకుంటే 33 మీటర్లు అప్పటికే దాటిపోతాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా ఇంకో 40 మీటర్లు కావాలి. మొత్తం 75 మీటర్లకు దగ్గర. లో బీమ్ వెలుగు స్పష్టంగా పడే దూరం సాధారణంగా అంతకన్నా తక్కువే. అంటే రాత్రిపూట మనం కంటికి కనిపించని దూరంలోకి బండి తోలుతున్నాం. వేగం తగ్గించడం మొదటి మందు. దూరం పోయే సన్నని వెలుగు రెండోది.

మంచుకు మాత్రం ఈ మందు పనిచేయదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున హై బీమ్ వేసి చూడండి, ముందు తెల్లగోడ లేస్తుంది. మంచు బిందువు పరిమాణం కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి అది అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకానికి అక్కడ బలం లేదు. ఫ్రాన్స్‌లో 1930ల నుంచి 1993 దాకా పసుపు హెడ్‌లైట్లే ఉండాలన్న చట్టం ఉండేది, చివరికి దాన్ని వదులుకున్నారు. మంచులో పనికొచ్చేది దీపం రంగు కాదు, దీపం ఉన్న చోటు. కిందికి, వెడల్పుగా, మన చూపు గీతకు దూరంగా వెలుగు పడితే చెదిరిన కాంతి తిరిగి కంట్లోకి రావడం తగ్గుతుంది. ఫాగ్ ల్యాంపులను క్రాష్‌గార్డు కింది భాగంలో బిగించేది అందుకే.

ఆకాశంలో గడియారాలు

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాలకు చెందిన విలియం గైయర్, జార్జ్ వైఫెన్‌బాక్ దాని రేడియో కూతను విన్నారు. దగ్గరికొస్తుంటే స్వరం పెరగడం, దూరమవుతుంటే తగ్గడం గమనించి ఆ మార్పుతోనే ఉపగ్రహం కక్ష్యను లెక్కకట్టారు. వాళ్ల సహచరుడు ఫ్రాంక్ మెక్‌క్లూర్ ప్రశ్నను తిరగేశాడు: ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలిస్తే, వింటున్నవాడు ఎక్కడున్నాడో చెప్పలేమా? ఆ ప్రశ్న నుంచే ట్రాన్సిట్ వ్యవస్థ, ఆ తర్వాత బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ సారథ్యంలో జీపీఎస్ వచ్చాయి. తొలి జీపీఎస్ ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో కక్ష్య చేరింది. సబీన్ తొలి ర్యాలీకి జెండా ఊపింది అదే ఏడాది చివర్లో. కానీ ఆ ఉపగ్రహాలు సైన్యానివి. ర్యాలీ రైడర్లకు కాగితం రోడ్‌బుక్కు, దిక్సూచే గతి. 1982 ర్యాలీలో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ కొడుకు మార్క్ సహారాలో ఆరు రోజులు ఆచూకీ లేకుండా పోయాడు.

1983 సెప్టెంబరు 1న దారితప్పిన కొరియన్ ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. జీపీఎస్ పూర్తికాగానే పౌరులకూ ఉచితంగా ఇస్తామని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది ఆ దుర్ఘటన తర్వాతే. అయినా పౌరులకిచ్చే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి ఇచ్చేవారు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ కల్తీని ఆపేశారు. కూడలిలో ఏ మలుపు తిరగాలో జీపీఎస్ నమ్మకంగా చెప్పగలిగింది అప్పటినుంచే.

దీని గుండె గడియారం. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ సమయాన్ని చాటుతుంటాయి. సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. మూడు దూరాలు చోటును తేలుస్తాయి, మన పరికరంలోని చౌక గడియారం తప్పును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఐన్‌స్టీన్ సాపేక్షత ఇక్కడ పుస్తకం దాటి రోడ్డెక్కింది. వేగం వల్ల ఉపగ్రహ గడియారం రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది, ఆ ఎత్తున గురుత్వం తక్కువ కాబట్టి 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. మిగిలిన 38 మైక్రోసెకన్ల తేడాను దిద్దకపోతే ఒక్క రోజులో 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది.

ఈ కథలో మన శ్రీహరికోటకూ వాటా ఉంది. పరాయి దేశపు గడియారాల మీదే ఆధారపడకూడదని ఇస్రో మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ను తలపెట్టింది. 2013 జులైలో తొలి ఉపగ్రహం శ్రీహరికోట నుంచే లేచింది. దానిలోని దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు తర్వాత మొరాయించాయి. 2023 మేలో అక్కడినుంచే వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లే తయారుచేసిన రుబీడియం గడియారం ఉంది.

సీటు కింద లెక్క

ఇక బండి దగ్గరికి వద్దాం. బైకు మీద కరెంటు జీతం రాళ్ల లాంటిది: వచ్చేది ఇంతే, అందులోనే అన్నీ సర్దుకోవాలి. ఆర్ 80 జీ/ఎస్ జనరేటరు 280 వాట్లు, ఆ వంశంలో ఇటీవలి ఆర్ 1250 జీఎస్‌ది 500 వాట్ల పైచిలుకు. చిన్న బైకులకు అంతకన్నా చాలా తక్కువ. ఇగ్నిషన్, పెట్రోలు పంపు, ఏబీఎస్ ముందు తమ వాటా తీసుకుంటాయి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, అదీ ఖర్చే. పైగా జనరేటరు పూర్తి వాట్లు ఇచ్చేది ఇంజను బాగా తిరిగినప్పుడే. ఘాట్ రోడ్డు ట్రాఫిక్‌లో నిలబడి ఉంటే రాబడి సగానికి పడిపోవచ్చు, ఖర్చు మాత్రం తగ్గదు.

20 వాట్ల దీపాలు రెండంటే సుమారు 3 ఆంపియర్లు. అంత కరెంటును హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి గుండా నడపకూడదు, అందుకే రిలే. ఒక పాత రిలే మూతను స్క్రూడ్రైవరుతో లేపి చూస్తే విషయం ఇట్టే తెలుస్తుంది. సన్నని రాగి తీగ చుట్ట, దాని పైన స్ప్రింగు పట్టి ఉంచిన ఇనుప నాలుక, నాలుక కొసన వెండి బొట్టు లాంటి కాంటాక్టు. తీగలో 0.15 ఆంపియర్ల కరెంటు పారితే చాలు, చుట్ట అయస్కాంతమై నాలుకను టక్కున లాగుతుంది. వెండి బొట్లు రెండూ కలిసి అసలు కరెంటుకు దారి ఇస్తాయి. జోసెఫ్ హెన్రీ 1835లో చూపిన సూత్రమిది. ఆ తర్వాత టెలిగ్రాఫ్‌ను ఊరి నుంచి ఊరికి మోసింది కూడా ఇదే. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, 87 నుంచి దీపాలకు, 86కు స్విచ్చి వైరు, 85కు ఎర్త్.

బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరుకు మొదటి జానెడులోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, వైరును. వైరు ఫ్రేముకు రాసుకుని తొడుగు తెగితే, ఫ్యూజుకు ముందున్న ముక్కను ఆపేవాడు ఉండడు, బండి అంటుకుంటుంది. 3 ఆంపియర్లకు 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది కాలిందని 20ది పెడితే ఫ్యూజు లేనట్టే. హ్యాండిల్ తిరిగే చోట వైరుకు కాస్త వదులు ఇవ్వాలి. జాయింట్లకు నల్లటేపు చాలదు, వానకు, వేడికి ఊడిపోతుంది. క్రింపు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. కొత్త ఖరీదైన బైకుల్లో కంప్యూటరే ప్రతి తీగలోని కరెంటునూ గమనిస్తుంటుంది. అలాంటివాటిలో హెడ్‌లైటు వైరును కోసి కలిపితే లోపంగా భావించి హెచ్చరిక దీపం వేస్తుంది. వాటికి సరిపడే మాడ్యూల్ వాడటమే మార్గం.

జీపీఎస్‌కు కావలసిన కరెంటు తక్కువ, అడిగే మర్యాద ఎక్కువ. 12 వోల్టులను 5 వోల్టులకు దించే కన్వర్టరు కావాలి. దాన్ని తాళం తిప్పాకే కరెంటు వచ్చే తీగకు కలపాలి, లేకపోతే నిలిపి ఉంచిన బండి బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది. ఫోన్‌నే జీపీఎస్‌గా వాడేవాళ్లు అదిరే హ్యాండిల్‌ను తక్కువగా చూడొద్దు. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల కంపనానికి ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. అదురును మింగే రబ్బరు మౌంటు అవసరం.

దీపానికీ జీపీఎస్‌కూ మధ్య ఒక పేచీ కూడా ఉంది. చౌకరకం ఎల్ఈడీల లోపలి సర్క్యూట్లు రేడియో రొదను వెదజల్లుతాయి. పడవల మీది ఎల్ఈడీ దీపాలు రేడియోలను చెడగొడుతున్నాయని 2018లో అమెరికా కోస్ట్‌గార్డ్ హెచ్చరిక జారీ చేసింది. ఇరవై వేల కిలోమీటర్ల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం అతి బలహీనమైనది. దీపాల వైర్లను, జీపీఎస్‌ను వీలైనంత ఎడంగా ఉంచడం మేలు.

ఎదుటివాడి కళ్లు

అన్నిటికన్నా పెద్ద బాధ్యత దీపం ఏ వైపు చూస్తోందన్నది. హైవేల మీద అదనపు లైట్లు తెచ్చిపెడుతున్న బాధ మనందరికీ తెలుసు. కళ్లు చెదిరిన మనిషికి చూపు కుదుటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలో అతను ఎన్నో మీటర్లు గుడ్డిగా వస్తాడు, మన వైపే. దూరానికి కొట్టే లైట్ల రిలేకు కరెంటును హై బీమ్ తీగ నుంచి తీసుకుంటే, డిప్పర్ కొట్టగానే అవీ ఆరిపోతాయి. ఇంతకంటే సులువైన మర్యాద లేదు. బండి స్వరూపాన్ని మార్చే విషయంలో మోటారు వాహనాల చట్టం పరిమితులు పెట్టింది. కొనేముందు మీ రవాణా శాఖ నిబంధన కనుక్కోవడం మరవొద్దు.

బిగించడం అయ్యాక మూడు పరీక్షలు పెట్టండి. అన్నీ వెలిగించి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టండి. 13 వోల్టులకు పైన నిలకడగా ఉంటే లెక్క కుదిరినట్టు, 12.5కు జారుతుంటే ఒకటి తగ్గించాలి. మనిషి కూర్చున్న బండిని పాతిక అడుగుల దూరంలో గోడకు ఎదురుగా నిలిపి చూడండి. వెలుగు మచ్చ నడిబొడ్డు దీపం ఎత్తుకన్నా కిందే ఉండాలి. చివరగా జీపీఎస్ ఆపేసి, వెళ్లబోయే దారిలోని ఊళ్ల పేర్లు, పెట్రోలు బంకుల మధ్య దూరాలు ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి పరీక్ష బండి కోసం, రెండోది ఎదుటివాడి కోసం, మూడోది మీకోసం. ఈ మూడూ నెగ్గిన బండి మీద ఆ దీపాలకు, ఆ జీపీఎస్‌కు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే.