బండి యొకటి, బిడ్డలిద్దరు

చంటిబిడ్డను చంకనెత్తుకొని, నడక నేర్చిన పెద్దబిడ్డను వ్రేలు పట్టించుకొని తల్లి బయలుదేరుట మనయూళ్లలో నిత్యము కనుపించు దృశ్యము. పెద్దబిడ్డ నాలుగడుగులు నడచి “అమ్మా, ఎత్తుకో” అని చేతులు చాచును. తల్లికున్నవి రెండు చేతులే గదా! ఈ చిక్కునకు పాశ్చాత్యులు కనుగొన్న యుపాయము చక్రముల బండి. నేడు మన పట్టణములలో సయితము అది కనుపించుచున్నది. కూతురి రెండవ పురుటికై అమెరికా వెళ్లు అమ్మమ్మలు దానిని మడచుట, విప్పుట నేర్చుకొనక తప్పుటలేదు.

1733లో ఇంగ్లండునందు విలియం కెంట్ అను వాస్తుశిల్పి డెవన్‌షైర్ ప్రభువు బిడ్డలకై గుల్ల యాకారమున నొక బండిని కల్పించెను. దానిని మేకయో, చిన్న గుఱ్ఱమో లాగవలసినది. అది ప్రభువుల వినోదమే కాని తల్లుల సాధనము కాదు. 1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి విలియం రిచర్డ్‌సన్ తొట్టిని ఇరువైపులకు త్రిప్పగల బండికి పేటెంటు పొందెను. బిడ్డ తల్లిమొగము చూచుచు పోవుటకు వీలు కలిగినది. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను ఆంగ్లేయుడు అల్యూమినియపు గొట్టములతో, గొడుగువలె మడుచుకొను బండిని నిర్మించెను. ఆయన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానముల చక్రముల యమరికలో పాల్గొన్న ఇంజనీరు. ఆ బండి బరువు సుమారు 6 పౌనులు మాత్రమే.

తేలికయైన బండి యెల్ల బిడ్డలకు తగదు. చంటిబిడ్డకు మెడ నిలువదు. కూర్చుండబెట్టినచో గడ్డము రొమ్మునకానుకొని యూపిరికి అడ్డము రావచ్చును. కావున సుమారు ఆరు మాసములవరకు వెల్లకిల పరుండుటకు వీలైన తొట్టి యుండవలెను. పెద్దబిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ లేచును, దుముకును. భుజములను, నడుమును, తొడల నడుమను బంధించు ఐదు పట్టీలు అవసరము.

ఇద్దరికి పక్కపక్కన ఆసనములున్న బండి ఇరుకు వాకిళ్లలో పట్టదు. ఒకదాని వెనుక నొకటి యున్నది సందులలో దూరును గాని, మలుపు త్రిప్పుటకును, గట్టు ఎక్కించుటకును బరువు. చంటిబిడ్డ బండి వెనుక పెద్దబిడ్డ నిలుచుటకు చిన్న పలకను తగిలించుట మూడవ మార్గము. కొనుటకు ముందు వాకిలి వెడల్పు కొలువవలెను; వీధిని చూడవలెను. చిన్న చక్రము గుంటలో చిక్కును, పెద్ద చక్రము దాటును. పిడికి బరువు సంచి తగిలించినచో, బిడ్డను దింపినంతనే బండి వెనుకకు పల్టీకొట్టును. గురుత్వకేంద్రమును బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి యుదాహరణము దొరకదు. ఎండకని దుప్పటి కప్పుటయు ప్రమాదమే. గాలియాడక లోపల వేడి పెరుగును. కారు ప్రయాణమునకు ఈ బండి చాలదు. వెనుకకు తిరిగియుండు ప్రత్యేకాసనము చంటిబిడ్డకు వేరుగ కావలెను.

ఇవన్నియు కొలతలకు లొంగునవి. కొలతకందని దొకటి కలదు. తమ్ముడో చెల్లెలో పుట్టినంతనే పెద్దబిడ్డ తల్లియొడిని, ఉయ్యాలను, రాత్రివేళ పక్కచోటును వరుసగ విడిచిపెట్టుచుండును. తుదకు బండియు పోయినచో ఆ పసిమనస్సు ఏమనుకొనును? రెండేండ్ల బిడ్డ అలిగి నడిరోడ్డున కూలబడుట అన్నివేళల మొండితనము కాదు. “నా చోటెక్కడ?” అని యడుగుటయే.

మన వడ్రంగులు చేయు మూడుచక్రముల నడకబండిలో బిడ్డ కూర్చుండడు. తానే పట్టుకొని తోయును. అందులో గొప్ప వివేకము కలదు. పెద్దబిడ్డను నడువగలిగినంత దూరము నడువనిండు; తల్లిచేతి ప్రక్కన తన చేయి కూడ పిడిపై నుంచి తోయనిండు. కాళ్లు అలసినపుడు మాత్రము కూర్చుండుటకు చోటు సిద్ధముగ నుండవలెను. అట్టి చోటున్న బండియే ఇద్దరు బిడ్డలున్న యింటికి తగిన బండి.