కాలేయ కణితులకు రేడియోఎంబోలైజేషన్: చికిత్సా సూత్రం – ఫలితాలు – పరిమితులు

వ్యాస సంగ్రహం:
కాలేయంలో ఏర్పడిన కణితులన్నింటినీ శస్త్రచికిత్సతో తొలగించడం సాధ్యం కాదు. అటువంటి సందర్భాలలో రక్తనాళం గుండా రేడియోధార్మిక సూక్ష్మగోళాలను కణితి వద్దకే పంపే చికిత్స రేడియోఎంబోలైజేషన్. దీనికి ఆధారమైన శరీర నిర్మాణ విశేషాన్నీ, చికిత్సాక్రమాన్నీ, పరిశోధన ఫలితాలనూ ఈ వ్యాసం వివరిస్తుంది. మోతాదు నిర్ణయం, రోగి ఎంపిక ఈ చికిత్స ఫలితాన్ని ఎలా మారుస్తాయో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కాలేయ క్యాన్సర్, రేడియోఎంబోలైజేషన్, యిట్రియం-90, సూక్ష్మగోళాలు, మోతాదు.

1. ఉపోద్ఘాతం:
కాలేయంలో కనిపించే క్యాన్సర్ కణితులు ప్రధానంగా రెండు విధాలు. కాలేయంలోనే పుట్టేవి మొదటివి. వీటిలో హెపటోసెల్యులార్ కార్సినోమా ముఖ్యమైనది. పెద్దపేగు వంటి ఇతర అవయవాల నుండి వ్యాపించి కాలేయంలో నాటుకొన్నవి రెండవవి. హెపటోసెల్యులార్ కార్సినోమా చాలా సందర్భాలలో హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, మద్యపానం, కొవ్వు చేరిక వంటి కారణాలతో అప్పటికే దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. అందువల్ల వైద్యుడు ఒకే రోగిలో రెండు వ్యాధులను ఎదుర్కోవలసి వస్తుంది. కణితి ఒకటి, కాలేయపు బలహీనత మరొకటి. కణితిని కోసి తీసిన తరువాత మిగిలిన కాలేయం శరీర అవసరాలకు చాలదనుకొన్నప్పుడు శస్త్రచికిత్స సాధ్యపడదు.

వెలుపలి నుండి ఇచ్చే రేడియేషన్‌కు కూడా ఇదే అవరోధం. కాలేయం మొత్తానికి ఇచ్చే వికిరణం సుమారు 30 గ్రే దాటితే తీవ్రమైన హాని కలిగే ప్రమాదముంది. కణితిని నశింపజేయడానికి అంతకంటే చాలా ఎక్కువ మోతాదు కావాలి. సూక్ష్మంగా గురిపెట్టే ఆధునిక బాహ్య వికిరణ పద్ధతులు చిన్న కణితుల విషయంలో ఈ చిక్కును చాలావరకు తీర్చాయి. కణితులు పెద్దవైనా, అనేకమైనా ఆ చిక్కు మిగిలే ఉంటుంది.

2. రెండు రక్తమార్గాలు:
ఈ చిక్కుకు పరిష్కారం కాలేయ నిర్మాణంలోనే లభించింది. కాలేయానికి రక్తం రెండు మార్గాల్లో చేరుతుంది. పేగుల నుండి పోషకాలను మోసుకొచ్చే నిర్వాహక సిర సుమారు 75 శాతం రక్తాన్ని అందిస్తుంది. మిగిలినది కాలేయ ధమని ద్వారా వస్తుంది. కణితుల తీరు దీనికి భిన్నం. అవి తమకు కావలసిన రక్తంలో అత్యధిక భాగాన్ని ధమని నుండే గ్రహిస్తాయి. బ్రీడిస్, యంగ్ అనే పరిశోధకులు 1954లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టపరచింది. ధమనిలోకి పంపిన పదార్థం ఆరోగ్యకరమైన కాలేయం కంటే కణితిలోనే ఎక్కువగా చేరుతుందన్న ఈ గ్రహింపే రేడియోఎంబోలైజేషన్‌కు పునాది.

3. సూక్ష్మగోళాల స్వభావం:
ఈ చికిత్సలో ఎక్కువగా వాడే రేడియోధార్మిక పదార్థం యిట్రియం-90. దీనిని గాజు లేదా రెజిన్‌తో చేసిన గోళాలలో నిక్షిప్తం చేస్తారు. గాజు గోళాల వ్యాసం 20 నుండి 30 మైక్రోమీటర్లు. రెజిన్ గోళాలు 20 నుండి 60 మైక్రోమీటర్ల వరకు ఉంటాయి. యిట్రియం-90 వెలువరించే బీటా కణాలు శరీర కణజాలంలో సగటున 2.5 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 11 మిల్లీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తాయి. అందుచేత గోళం ఎక్కడ నిలిచిందో ఆ పరిసరానికే వికిరణం పరిమితమవుతుంది. దీని అర్ధాయువు సుమారు 64 గంటలు. మొత్తం వికిరణంలో 90 శాతానికి పైగా తొలి 11 రోజుల్లోనే విడుదలవుతుంది. తరువాత గోళాలు నిర్జీవంగా అక్కడే ఉండిపోతాయి.

ఎంబోలైజేషన్ అంటే రక్తనాళాన్ని మూసివేయడం. అయితే ఇక్కడ కణితిని నశింపజేసేది ప్రధానంగా వికిరణమే. గాజు గోళాలు రక్తప్రవాహాన్ని పెద్దగా అడ్డగించవు. నిర్వాహక సిరలోకి కణితి చొచ్చుకొనిపోయిన కొందరు రోగులకు సైతం ఈ చికిత్సను పరిశీలించగలగడానికి ఇదే కారణం.

4. చికిత్సాక్రమం:
చికిత్స సాధారణంగా రెండు దశల్లో సాగుతుంది. మొదటి దశ నాళాల పరిశీలన. గజ్జ వద్ద లేదా మణికట్టు వద్ద ధమనిలోకి సన్నని క్యాథెటర్‌ను ప్రవేశపెట్టి, ఎక్స్-రే సహాయంతో కాలేయ ధమని శాఖల వరకు నడిపిస్తారు. ఏ శాఖ కణితికి వెళుతుందో, ఏది జీర్ణాశయం వైపు మళ్లుతుందో గుర్తిస్తారు. తరువాత టెక్నీషియం-99ఎం జోడించిన ఆల్బుమిన్ రేణువులను పంపి స్కాన్ తీస్తారు. ఇది అసలు చికిత్సకు ముందు జరిగే నమూనా ప్రయోగం వంటిది. కణితిలోని అసహజ నాళాల గుండా రేణువులు ఊపిరితిత్తులకు ఎంతమేరకు జారిపోతున్నాయో దీనివల్ల తెలుస్తుంది. ఆ పాలు ఎక్కువైతే మోతాదు తగ్గిస్తారు, లేదా చికిత్సనే విరమిస్తారు.

రెండవ దశలో అదే మార్గాన సూక్ష్మగోళాలను పంపుతారు. పెద్ద కోత ఉండదు. చాలామంది అదే రోజు లేదా మరునాడు ఇంటికి వెళ్లగలుగుతారు. కొద్ది రోజులపాటు గర్భిణులకు, పసిపిల్లలకు మరీ సమీపంగా ఎక్కువసేపు ఉండవద్దని సూచిస్తారు.

5. పరిశోధన ఫలితాలు:
ఈ పద్ధతిపై జరిగిన పరిశోధనలు ఏకముఖంగా లేవు. ఫ్రాన్స్‌లో 459 మందితో జరిగి 2017లో వెలువడిన సారా అధ్యయనం ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో ఈ చికిత్సను సొరాఫెనిబ్ అనే మాత్రతో పోల్చింది. సగటు జీవితకాలాన్ని సూచించే మధ్యగత విలువ రేడియోఎంబోలైజేషన్ వర్గంలో 8.0 నెలలు, మాత్ర వర్గంలో 9.9 నెలలు. ఈ తేడా గణాంకపరంగా నిర్ణయాత్మకం కాదు. దుష్ఫలితాలు మాత్రం రేడియోఎంబోలైజేషన్ వర్గంలో తక్కువగా నమోదయ్యాయి.

2021లో ప్రచురితమైన డోసిస్ఫియర్-01 అధ్యయనం ప్రశ్నను మరో విధంగా వేసింది. అందరికీ ఒకే ప్రమాణం ప్రకారం మోతాదు ఇవ్వడానికి బదులు, ప్రతి రోగి కణితి ఎంత వికిరణం గ్రహిస్తుందో ముందే లెక్కించి, కనీసం 205 గ్రే చేరేలా చూసింది. ఇలా లెక్కించినవారిలో 71 శాతం మందిలో, ప్రామాణిక పద్ధతిలో 36 శాతం మందిలో కణితి స్పందించింది. పాల్గొన్నవారు 60 మంది మాత్రమే కనుక ఈ అంకెలను జాగ్రత్తగా గ్రహించాలి. అయినా మోతాదు నిర్ణయంలోని కచ్చితత్వం ఫలితాన్ని మార్చగలదని ఈ అధ్యయనం సూచించింది.

రోగి ఎంపిక ప్రాధాన్యాన్ని లెగసీ అధ్యయనం చూపింది. 8 సెంటీమీటర్ల వరకు గల ఒకే కణితి, పనితీరు బాగున్న కాలేయం ఉన్న 162 మందిలో మూడేళ్లు జీవించినవారు 86.6 శాతం. అయితే వీరిలో కొందరికి అనంతరం శస్త్రచికిత్స లేదా కాలేయ మార్పిడి జరిగింది. పైగా ఇది గత రికార్డుల ఆధారంగా, పోలిక వర్గం లేకుండా జరిగిన అధ్యయనం.

6. పరిమితులు:
అలసట, స్వల్ప జ్వరం, కడుపునొప్పి సాధారణ దుష్ఫలితాలు. గోళాలు దారితప్పి జీర్ణాశయానికి చేరితే పుండ్లు ఏర్పడవచ్చు. తీవ్రమైనది వికిరణజన్య కాలేయ వ్యాధి. ఇది చికిత్స జరిగిన కొన్ని వారాల తరువాత కామెర్లు, జలోదరం రూపంలో బయటపడవచ్చు. అందుకే రక్తంలో బిలిరుబిన్ బాగా పెరిగినవారికి, జలోదరం ఉన్నవారికి ఈ చికిత్స సాధారణంగా తగదు.

గోళాల వ్యయం మరో అవరోధం. భాభా అణు పరిశోధన కేంద్రం యిట్రియం-90 గాజు గోళాలను స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించడం భారతీయ రోగుల దృష్ట్యా గమనింపదగిన పరిణామం.

7. ముగింపు:
రేడియోఎంబోలైజేషన్ కోత లేని చికిత్స కావడంతో తేలికైనదన్న భావన కలగవచ్చు. కోత లేనంత మాత్రాన ప్రమాదం లేదని అర్థం కాదు. కొందరికి ఇది శస్త్రచికిత్సకు లేదా కాలేయ మార్పిడికి దారితీసే వంతెన. కొందరికి వ్యాధిని కొంతకాలం అదుపులో ఉంచే సాధనం. మరికొందరికి మేలు కంటే హాని ఎక్కువ. తాను ఏ వర్గానికి చెందుతాడో, ఏ లక్ష్యంతో చికిత్స జరుగుతుందో రోగికి తన భాషలో తెలిసినప్పుడే అతడు ఇచ్చే అంగీకారానికి అర్థముంటుంది. కణితి పరిమాణంతోపాటు మిగిలిన కాలేయపు శక్తిని కూడా తూచి తీసుకొన్న నిర్ణయమే ఈ చికిత్సకు సార్థకతను చేకూరుస్తుంది.