మనుషులు బస్సులో, సామాను ట్రాలీలో
పరుసలకు, సంగీతోత్సవాలకు వెళ్లే భజన బృందాలు గమనించవలసిన సంగతులు

కణేకల్: హార్మోనియం పెట్టె, మద్దెల, తాళాల మూట, రెండు పట్టాలు, గుడారం గుంజలు, వంట గిన్నెలు, బియ్యం, కట్టెలు, నీళ్ల డ్రమ్ము - ఒక్కొక్కటిగా ట్రాలీలోకి ఎక్కుతాయి. వాటి మీద బొంతలు పరుస్తారు. ఆ బొంతల మీద ఇరవై మంది కూర్చుంటారు. కొబ్బరికాయ కొట్టగానే ట్రాక్టరు కదులుతుంది. భజన బృందం పరుసకు బయలుదేరడమంటే పల్లెల్లో చాలాచోట్ల ఇదే తీరు.

పాట బాగా రావాలని నెల రోజులు సాధన చేసే బృందాలు సామాను ఎత్తే సంగతి అరగంట కూడా ఆలోచించవు. ఆ అరగంట లోపం ఎంత పనైనా చేస్తుంది. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు సమీపంలో, గుడికి వెళ్లి వస్తున్న ట్రాక్టరు ట్రాలీ నీటి గుంటలో బోల్తాపడింది. పాతికమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే.

ట్రాలీ సరుకు కోసం చేసినది. దానికి పట్టుకునే కమ్మీ లేదు, కూర్చునే పీట లేదు. అందులో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. జరగరానిది జరిగితే బీమా సొమ్ముకు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. కాబట్టి మొదటి మాట ఇదే: మనుషులు బస్సులో వెళ్లాలి, సామాను ట్రాలీలో వెళ్లాలి. తోడుగా ఒకరు వెళ్లవలసి ఉంటే డ్రైవరు పక్కన సీటున్న సరుకు ఆటోనో, చిన్న లారీనో మాట్లాడుకోవడం మేలు.

పెద్దల బండి లెక్క

బరువు ఎంత అన్నదాని కంటే అది ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. ఎద్దుల బండి తోలిన పెద్దలకు ఇది చెప్పనవసరం లేదు. బస్తాలన్నీ ముందుకు పేరిస్తే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కు పేరిస్తే నొగ పైకి లేచి, మెడకు కట్టిన పలుపు గొంతుకు బిగుసుకుంటుంది. అందుకే బరువైనది ఇరుసు మీదికి, అడుగుకు చేర్చి, తేలికైనది అటూ ఇటూ సర్దేవారు.

రెండు చక్రాల ట్రాలీకీ ఇదే లెక్క. బరువంతా వెనక ఉంటే ట్రాలీ కొక్కెం ట్రాక్టరు వెనక భాగాన్ని పైకి లాగుతుంది. అప్పుడు పెద్ద చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. సామాను ఎత్తుగా పేరిస్తే మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. గుంజలు ఎప్పుడూ పడుకోబెట్టి కట్టాలి. నిలబెట్టిన ఇనుప గుంజ రోడ్డుకు అడ్డంగా పోయే కరెంటు తీగను తాకితే అంతే సంగతులు. 2022 నవంబరులో పక్కనే ఉన్న బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో తీగ తెగి ట్రాక్టరు మీద పడి నలుగురు కూలి మహిళలు చనిపోయారు. అక్కడ గుంజల ప్రసక్తి లేదు. కాని తీగ దెబ్బ ఎంతటిదో ఈ ప్రాంతం మరచిపోలేదు.

ఇప్పటికీ ఎద్దుల బండ్ల మీద పరుసలకు వెళ్లేవారున్నారు. వారు కూడా ఒక నియమం తెలుసుకోవాలి. బరువు లాగే పశువుల కోసం 1965లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం ఎద్దులను రోజుకు 9 గంటలకు మించి కట్టరాదు. విశ్రాంతి లేకుండా ఒకే వరుసన 5 గంటలకు మించి నడపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు బండి కట్టనే కూడదు. మన ఎండల్లో ఈ మాట ఎద్దుకే కాదు, తోలే మనిషికీ వర్తిస్తుంది.

హంపికి వెళితే

కణేకల్ వాసులకు అందుబాటులో ఉన్న పెద్ద సంగీత సంబరం హంపి ఉత్సవం. బళ్లారి దాటి హోస్పేట దారిన వెళితే హంపి వస్తుంది. ఎం.పి. ప్రకాశ్ చొరవతో మొదలైన ఈ ఉత్సవాన్ని కర్ణాటక ప్రభుత్వం నడుపుతోంది. పూర్వం నవంబరులో జరిగేది. 2023లో జనవరి ఆఖరున, 2024లో ఫిబ్రవరి మొదట జరిపారు. తేదీలు మారుతుంటాయి కాబట్టి ముందే విచారించుకుని బండి మాట్లాడుకోవాలి. భజనపరులకు ఆ చోటుతో మరో బంధం కూడా ఉంది. తుంగభద్ర ఒడ్డున పురందరదాసు పేరిట మండపం ఉంది. పుష్య అమావాస్యకు ఆయన ఆరాధన జరుగుతుంది.

అయితే హంపి మామూలు పరుస మైదానం కాదు. 1986 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. పాత మండపాల్లో పొయ్యి వెలిగించడం, కట్టడాల పక్కన మేకులు దిగగొట్టడం కుదరదు. విడిది ఎక్కడ వేయవచ్చో ముందే అడిగి తెలుసుకోవాలి. వ్యవసాయానికని రిజిస్టరు చేసిన ట్రాక్టరును ఇలాంటి పనికి రాష్ట్రం దాటించేముందు పర్మిట్టు సంగతి కూడా తేల్చుకోవాలి. లేకుంటే చెక్‌పోస్టు దగ్గరే పాట ఆగిపోతుంది.

అన్నిటికంటే బరువు నీళ్లే

సామానులో బరువైనది ఏదంటే చాలామంది గుడారం అంటారు, వంటపాత్రలంటారు. లెక్క వేస్తే అది నీళ్లని తేలుతుంది. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుందాం. ఇరవై మందికి మూడు రోజులకు 300 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో. అంటే 300 కిలోలు, ఆరు బియ్యం బస్తాల బరువన్నమాట.

కరువు సీమలో పుట్టినవారికి నీళ్లు వెంట లేనిదే గడప దాటబుద్ధి కాదు. అందులో తప్పు లేదు. కాని హంపికి వెళ్లేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కణేకల్ చెరువుకు నీరిచ్చే ఎగువ కాలువ హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాము నుంచే బయలుదేరుతుంది. ఆ డ్యాముకు దిగువన, అదే నది ఒడ్డున హంపి ఉంది. తుంగభద్ర నీటిని ఇక్కడ డ్రమ్ముకు పట్టి మళ్లీ తుంగభద్ర ఒడ్డుకే మోసుకుపోవడం ఎందుకు? మొదటి రోజుకు 100 లీటర్లు తీసుకువెళితే చాలు. మిగతాది అక్కడి కుళాయిల దగ్గర పట్టుకోవచ్చు. 200 కిలోల బరువు అక్కడికక్కడే తగ్గిపోతుంది. నది నీటిని మాత్రం కాచకుండా తాగరాదు.

తీసుకువెళ్లే నీటిని పెద్ద డ్రమ్ములో సగానికి పట్టవద్దు. సగం నిండిన డ్రమ్ములో నీరు అటూ ఇటూ కొట్టుకుని బండిని ఊపుతుంది. 20 లీటర్ల క్యాన్లు మూతి దాకా నింపి, ఇరుసుకు దగ్గరగా అడుగున పెట్టాలి. దిగిన తరువాత ఒక్కో క్యానును ఒక మనిషి మోయగలడు.

కట్టే వరుస

దిగగానే కావలసినది ఆఖరున ఎక్కించాలి. చీకటి పడ్డాక చేరితే ముందు కావలసినవి లాంతరు, పట్టా, గుంజలు, తాళ్లు. అవి బియ్యం బస్తాల కింద పడి ఉంటే అర్ధరాత్రి బండి మొత్తం దించవలసి వస్తుంది.

ఈ విద్యలో మనకు గురువులు లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు తెరలు, సామగ్రి, పిల్లాపాపలతో సహా ఊరూరా తిరిగాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులు మనిషంత బొమ్మలనూ చేతులు, కాళ్లు మడిచి ఒకదానిపై ఒకటి పరిచి పెట్టెలో సర్దుతారు. రామాయణమంతా ఒక పెట్టెలో ఇమిడిపోతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మడవగలిగినది మడవాలి, ఒక వస్తువును రెండు పనులకు వాడాలి అన్నది వారిని చూసి నేర్చుకోవచ్చు.

భజన బృందానికి బొంతే అలాంటి వస్తువు. పోయేటప్పుడు హార్మోనియానికి చుట్టాలి, రాత్రి కప్పుకోవాలి. హార్మోనియం లోపలికి దుమ్ము పోతే స్వరం పలకదు కనుక గుడ్డ చుట్టి, దాని మీద బొంత చుట్టాలి. మద్దెలను ఎండలో గాని మంచులో గాని వదలరాదు. ఎండకు చర్మం బిగుస్తుంది, మంచుకు వదులవుతుంది. చిన్న వాయిద్యాలు బస్సులో ఒడిలో పెట్టుకుంటే ఇంకా పదిలం.

చివరి అర మైలు

ఎన్ని మైళ్లు వచ్చినా అసలు కష్టం చివరి అర మైలులోనే ఉంటుంది. ఉత్సవాల్లో బండ్లను దూరంగా ఆపేస్తారు. అక్కడి నుంచి విడిది దాకా మోత మనిషిదే. ఆ తొందరలో ఒక్కడే బస్తా ఎత్తబోయి నడుము పట్టేసిందంటే మూడు రోజులూ పడకే.

మూటలను ఇంటి దగ్గరే 20 కిలోలకు మించకుండా కట్టుకోవాలి. గుండిగ వంటిదానికి గట్టి కర్ర దూర్చి ఇద్దరు భుజాన వేసుకోవాలి. క్యాన్లను కావడి వేస్తే రెండు పక్కలా బరువు సమానంగా ఉంటుంది. కిందినుంచి ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. బండికి ఇరుసు ఎలాగో మనిషికి నడుము అలాగ. తోపుడు బండి ఉంటే వెడల్పు చక్రాలది ఎంచుకోవాలి. సన్న చక్రం ఇసుకలో దిగబడుతుందని హగరి ఇసుకలో బండ్లు తోలిన మనకు ఒకరు చెప్పాలా?

భజన ఒక్కడి పాట కాదు. ఒకడు అందుకుంటే పదిమంది అనాలి. మోత కూడా అంతే. పేర్లు రాసుకుని, ఎవరి మూట ఏదో ఊళ్లోనే పంచుకుని బయలుదేరితే చేరేసరికి గొంతులో ఓపిక మిగిలి ఉంటుంది. పోయినవారంతా పాడి, క్షేమంగా ఇల్లు చేరితేనే ఆ పరుస ఫలం.