రెండున్నర కోట్ల ఇటుకల కోట

సైన్సు పుస్తకంలో వేగం, బలం, భ్రమణం అని వేరువేరు పాఠాలుగా చదువుకుంటాం. పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. ఆ మూడు పాఠాలూ కలిసి ఒక పెద్ద కోటను ఒకటిన్నర రోజులో ఎలా పడగొట్టాయో, దానివల్ల ఆ కోటకు ఇటుకలు చేసిన వాళ్లకు ఏమి జరిగిందో మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ కోట పేరు పులాస్కీ. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, సవానా నది అట్లాంటిక్ సముద్రంలో కలిసేచోట, కాక్‌స్పర్ అనే చిన్న దీవిలో ఉంది.

అసలు ఆ కోట ఎందుకు కట్టారో ముందు చూద్దాం. 1812లో అమెరికాకు, బ్రిటన్‌కు యుద్ధం మొదలైంది. 1814 ఆగస్టులో బ్రిటిష్ సైన్యం సముద్రం మీదుగా వచ్చి, రాజధాని వాషింగ్టన్‌లో ప్రవేశించి, అధ్యక్ష భవనానికే నిప్పు పెట్టింది. ఆ దెబ్బతో అమెరికా ప్రభుత్వం మేలుకొంది. ముఖ్యమైన రేవులన్నిటి దగ్గర ఇటుకతో, రాతితో గట్టి కోటలు కట్టాలని నిర్ణయించింది. నెపోలియన్ దగ్గర పనిచేసిన సైమన్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరును పిలిపించి పథకం వేయించింది. సవానా ఆ రోజుల్లో పత్తి ఎగుమతికి పెద్ద రేవు. దానికి కాపలాగా 1829లో కాక్‌స్పర్ దీవిలో పని మొదలైంది.

అయితే ఆ చోటు కోటకు ఏమాత్రం అనువైనది కాదు. ఎటు చూసినా బురద, ఉప్పునీటి గడ్డి. పోటు వస్తే నేల మునిగిపోతుంది. వేసవిలో జ్వరాలకు భయపడి పని ఆపేసేవాళ్లు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుండి అప్పుడే పట్టా పుచ్చుకుని వచ్చిన రాబర్ట్ లీ అనే కుర్ర ఇంజనీరు మొదట నీటిని ఆపే గట్లు, నీరు పోయే కాలువలు వేయించాడు. (ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.) బెర్నార్డ్ వేసిన మొదటి ప్లాను ఇంకా ఎత్తయిన, ఇంకా బరువైన కోటకు. ఆ బరువును బురద నేల మోయలేదని తెలిసి ప్లానును తగ్గించారు. 1831లో పని చేతికి తీసుకున్న జోసెఫ్ మాన్స్‌ఫీల్డ్ అనే అధికారి ఏళ్ల తరబడి అక్కడే ఉండి దాదాపు పూర్తి చేయించాడు. పొడవాటి మొద్దులను బురదలోకి దిగగొట్టారు. కొన్ని 70 అడుగుల లోతుకు దిగాయి. వాటి మీద బరువైన దూలాలను అడ్డంగా, నిలువుగా పరిచి, ఆ చట్రం మీద గోడలు లేపారు. కొయ్య బురదలో పుచ్చిపోదా అని అనుమానం రావచ్చు. గాలి తగలకుండా ఎప్పుడూ తడిలోనే ఉన్న కొయ్య అంత సులభంగా పుచ్చదు. ఎండుతూ తడుస్తూ ఉంటేనే పుచ్చుతుంది.

ఇక ఇటుకల సంగతి. ఈ కోటకు పట్టినవి దాదాపు రెండున్నర కోట్ల ఇటుకలు. చదివేటప్పుడు ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మానాన్నలు కొన్నేళ్లు ఇటుక బట్టీలో పనిచేశారు. సెలవుల్లో నేనూ అచ్చు పట్టాను. తెల్లవారుజామున లేచి మట్టి తొక్కితే, ఒక జంట సాయంత్రానికి వెయ్యి ఇటుకలు కోస్తే గొప్ప. ఆ లెక్కన ఒక్క జంట రెండున్నర కోట్లు కోయాలంటే 25 వేల రోజులు కావాలి. అంటే ఒక్కరోజు కూడా సెలవు లేకుండా 68 ఏళ్లు! ఇందులో ఆరబెట్టడం, కాల్చడం, మోయడం కలపలేదు.

గోడలకు వాడిన ఇటుకలు చాలావరకు సవానా దగ్గరే ఉన్న హెర్మిటేజ్ అనే ఎస్టేటులో తయారయ్యాయి. చేసినవాళ్లు అక్కడ బానిసలుగా ఉన్న నల్లజాతి స్త్రీ పురుషులు. దెబ్బకు ఎక్కువగా ఆగవలసిన కమానులకు, ఫిరంగి కిటికీలకు మాత్రం బాల్టిమోర్, అలెగ్జాండ్రియా నగరాల నుండి గట్టి ఇటుకలను ఓడల మీద తెప్పించారు. దీవిలో మట్టి పనికి, మోత పనికి కూడా చుట్టుపక్కల ఎస్టేటుల నుండి బానిసలను అద్దెకు తెచ్చారు. అద్దె ముట్టింది యజమానులకు. పచ్చి ఇటుకను ఎత్తేటప్పుడు పడిన వేలిముద్రలు కొన్ని ఇటుకల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. పని మొదలైన ఆ 1829లోనే జార్జియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. నల్లవాళ్లకు చదవడం, రాయడం నేర్పితే శిక్ష. కోట కథకు ఈ చట్టంతో పనేమిటి అనుకోకండి, చివర్లో తెలుస్తుంది.

1847 నాటికి కోట పూర్తయింది. ఐదు మూలల ఆకారం. చుట్టూ నీటి కందకం. గోడ మందం ఏడున్నర అడుగులు. గోడ లోపలి వైపు వరుసగా కమాను గదులు. ఒక్కొక్క గదిలో ఒక ఫిరంగి, దాని ముందు గోడలో చిన్న కిటికీ. ఫిరంగి బండి ముందు భాగం కిటికీ దగ్గర ఒక ఇరుసుకు బిగించి ఉంటుంది. వెనుక చక్రాలు నేలలో అర్ధచంద్రాకారంగా వేసిన ఇనుప పట్టీ మీద తిరుగుతాయి. దాంతో కిటికీ చిన్నదైనా ఫిరంగిని ఎడమకు, కుడికి తిప్పి గురిపెట్టవచ్చు. గదుల పైకప్పు మీద మట్టి పరిచి, అక్కడ మరో వరుస ఫిరంగులు పెట్టే ఏర్పాటు చేశారు. ఆ మట్టి మీద పడిన వాన నీరు వడకట్టుకుని గోడల్లోని గొట్టాల గుండా నేలకింది తొట్టెల్లోకి చేరేది. చుట్టూ ఉప్పునీరే కనుక ఇది చాలా తెలివైన పని.

కోట కట్టినంత శ్రద్ధ ఆయుధాల మీద పెట్టలేదు. ప్లాను ప్రకారం 146 ఫిరంగులు ఉండాలి. 1860 చివరికి అక్కడ ఉన్నవి 20 మాత్రమే. సుమారు పది లక్షల డాలర్ల కోటకు కాపలాగా ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బానిసత్వం కొనసాగాలని దక్షిణ రాష్ట్రాలు దేశం నుండి విడిపోతున్న సమయం అది. 1861 జనవరి 3న జార్జియా సైనికులు వచ్చి ఒక్క తూటా పేల్చకుండా కోటను స్వాధీనం చేసుకున్నారు. తర్వాత ఫిరంగుల సంఖ్యను 48కి పెంచారు.

ఆ ఏడాది నవంబరులో ఉత్తర సైన్యం దగ్గర్లోని తీరంలో దిగింది. దక్షిణ సైన్యం పక్కనున్న టైబీ దీవిని ఖాళీ చేసింది. అయినా కోటలో ఎవరూ పెద్దగా దిగులు పడలేదు. దానికి ఒక లెక్క ఉంది. అప్పటి ఫిరంగులతో 700 గజాలు దాటితే మందమైన గోడను పగలగొట్టడం కష్టం, 1,000 గజాలు దాటితే అసాధ్యం. టైబీలో ఫిరంగులు పెట్టగల చోటు కోటకు 1,600 గజాలకు పైనే, అంటే దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. ఆ కోటలో గట్లు వేయించిన లీ ఇప్పుడు దక్షిణ సైన్యంలో జనరల్. ఆయన స్వయంగా కోటకు వచ్చి, అంత దూరం నుండి ఈ గోడలను పగలగొట్టలేరని చెప్పాడు. ఉత్తర సైన్యంలోని పెద్ద ఇంజనీర్ల అభిప్రాయం కూడా అదే. లెక్క తప్పు కాదు. ఆ లెక్క ఏ ఫిరంగుల కోసం వేశారో ఆ ఫిరంగులే మారిపోయాయి.

పాత ఫిరంగి గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు గుండ్రటిది. గొట్టంలో ఇరుక్కోకుండా దిగాలంటే గుండును కాస్త చిన్నదిగా పోయాలి. మందు పేలినప్పుడు ఆ సందులోంచి వాయువు కొంత వృథాగా పోయేది. గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుకుంటూ వచ్చి, చివరిసారి ఎటు తగిలితే దానికి ఎదురుగా వంకరగా పోయేది. కొత్త ఫిరంగిలో గొట్టం లోపల మర చుట్టులా గాడులు కోశారు. గుండును పొడుగ్గా, మొనతో చేశారు. పారట్ అనే రకం ఫిరంగి గుండుకు అడుగున ఇత్తడి కట్టు ఉండేది. పేలగానే ఆ కట్టు వ్యాకోచించి గాడుల్లోకి దిగేది. సందు మూసుకుపోయేది, గుండు గిర్రున తిరుగుతూ బయటికి వచ్చేది. బొంగరం తిరిగినంతసేపూ పడిపోదు కదా! అలాగే తిరిగే గుండు కూడా మొన ముందుకే పెట్టుకుని తిన్నగా పోతుంది. సన్నగా ఉండడం వల్ల గాలి కూడా దాన్ని తక్కువగా ఆపుతుంది. జేమ్స్ అనే మరో రకం ఇంకా చిత్రం. పాత నున్నటి ఫిరంగులకే గాడులు కోయించారు. అంతకుముందు 42 పౌండ్ల గుండు వేసే ఫిరంగి ఇప్పుడు 84 పౌండ్ల గుండు వేయగలిగింది.

ఉత్తర సైన్యంలో క్విన్సీ గిల్‌మోర్ అనే 37 ఏళ్ల ఇంజనీరు వీటిని నమ్మాడు. టైబీ దీవిలో 36 ఫిరంగులను 11 చోట్ల పెట్టించాడు. వాటిలో గాడుల ఫిరంగులు 10 మాత్రమే. మిగిలినవి పాత రకం, గుండును ఎత్తుగా విసిరే మోర్టార్లు. ఒక్కొక్క పెద్ద మోర్టారు బరువు 17 వేల పౌండ్లు, అంటే ఏడున్నర టన్నులకు పైన. బురదలో దాన్ని లాగడానికి 250 మంది చాలీచాలకుండా ఉండేవాళ్లట. కోటలోవాళ్లకు కనిపించకుండా రాత్రిపూట లాగాలి. అరిస్తే వినిపిస్తుందని ఈలలతో ఆజ్ఞలు ఇచ్చేవాళ్లు.

1862 ఏప్రిల్ 10 ఉదయం, లొంగిపొమ్మని కబురు పంపితే కోట అధికారి చార్లెస్ ఓమ్‌స్టెడ్ ఒప్పుకోలేదు. అతని వయసు 25, నాకంటే రెండేళ్లు పెద్ద. 8 గంటలు దాటాక కాల్పులు మొదలయ్యాయి. అందరూ ఆశపెట్టుకున్న మోర్టార్ల గుండ్లలో పదింట ఒక వంతు కూడా కోటలో పడలేదు. గాడుల ఫిరంగులు మాత్రం ఆగ్నేయ మూలనే పట్టుకున్నాయి. తర్వాత కొలిచి చూస్తే, పాత రకం ఫిరంగి వేసిన 128 పౌండ్ల గుండు గోడలోకి 13 అంగుళాలు దిగింది. జేమ్స్ ఫిరంగి వేసిన 84 పౌండ్ల గుండు 26 అంగుళాలు దిగింది. బరువు తక్కువ, దెబ్బ రెట్టింపు!

మర్నాటికి ఆ మూలలో రెండు కమాను గదులు తెరుచుకుపోయాయి. ఆ కంతలోంచి దూరిన గుండ్లు కోట ఆవరణ దాటి ఎదుటి వాయవ్య మూలలోని మందు గదిని తాకసాగాయి. అందులో ఉన్నది 40 వేల పౌండ్ల తుపాకిమందు. అది అంటుకుంటే కోటలో ఎవరూ మిగలరు. మధ్యాహ్నం రెండు దాటాక ఓమ్‌స్టెడ్ తెల్లగుడ్డ ఎగరేయించాడు. దాదాపు 30 గంటల్లో పడిన గుండ్లు 5,275. నేను ఆ అధికారిని పిరికివాడనుకోను. గోడ మీద నమ్మకం పోయాక సుమారు 385 మంది ప్రాణాలు నిలబెట్టాడు.

ఆ తర్వాత ఏ దేశమూ ఇటుక గోడలను నమ్ముకోలేదు. సవానాకు దగ్గర్లోనే మట్టితో కట్టిన మెకాలిస్టర్ కోట ఓడల దాడులకు ఎన్నిసార్లయినా తట్టుకుంది. గుండు మట్టిలో కూరుకుపోతుంది, రాత్రికి మళ్లీ పారలతో పూడ్చుకోవచ్చు. పులాస్కీలో పడిన కంతను గెలిచిన సైనికులు కొన్ని వారాల్లో పూడ్చారు. వాళ్లు వాడిన ఇటుక ఎరుపు ఎక్కువ కనుక ఆ అతుకు ఈనాటికీ తెలుస్తుంది.

ఉత్తర సైన్యం అక్కడికి వచ్చింది బానిసలను విడిపించడానికి కాదు. కానీ కోట పడిన రెండు రోజులకు, ఏప్రిల్ 13న, జనరల్ డేవిడ్ హంటర్ పులాస్కీ కోటలోను, కాక్‌స్పర్ దీవిలోను ఉన్న బానిసలందరూ స్వతంత్రులని ఆజ్ఞ ఇచ్చాడు. మే 9న దాన్ని మూడు రాష్ట్రాలకు విస్తరిస్తే అధ్యక్షుడు లింకన్ పది రోజుల్లో రద్దు చేశాడు. లింకన్ సొంత విమోచన ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. జనం మాత్రం కాగితాల కోసం ఆగలేదు. కోట పడిందని తెలియగానే పడవలెక్కి ఉత్తర సైన్యం ఉన్న దీవులకు వచ్చేశారు.

అలా వచ్చినవాళ్లలో సూజీ అనే 13 ఏళ్ల అమ్మాయి ఉంది. సవానాలో అమ్మమ్మ దగ్గర ఉన్నప్పుడు, పోలీసులకు కనిపించకుండా పుస్తకాలను కాగితంలో చుట్టుకుని వెళ్లి, రహస్యంగా చదువు నేర్చుకున్న పిల్ల. 1829 చట్టం ప్రకారం అది నేరం. కోట పడిన రెండు రోజులకు మేనమామ కుటుంబంతో కలిసి ఆమె బయలుదేరింది. కొద్ది రోజులకే సెయింట్ సైమన్స్ దీవిలో టీచరైంది. పగలు 40 మంది పిల్లలు, రాత్రి పెద్దవాళ్లు. 1902లో సూజీ కింగ్ టేలర్ పేరుతో తన జీవితకథను తానే రాసి ప్రచురించింది. పులాస్కీ మీద పేలిన ఫిరంగుల మోతకు మైళ్ల దూరం నేల అదిరిందని అందులో గుర్తుచేసుకుంది.