అమెరికా బండి, బెజవాడ మేస్త్రీ

కొండపల్లి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు విజయవాడ, మైలవరం, ఇబ్రహీంపట్నాలతో పాటు కృష్ణా జిల్లా నుంచి విడివడింది. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన్ను ఊరూరా తిప్పింది ఒక అమెరికా బండి. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టాక ఎన్.టి. రామారావు గారు జనంలోకి వెళ్లింది చైతన్యరథం అని పేరు పెట్టిన పాత షెవర్లే వ్యానులోనే. దానిపైన నిలబడి మాట్లాడే ఏర్పాటు చేశారు, మైకులు బిగించారు, కొడుకు హరికృష్ణ స్టీరింగు ముందు కూర్చున్నారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేదాకా సాగిన ఆ ప్రయాణం మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. చైతన్యరథం రాజకీయం గురించి అందరూ రాశారు. బండి గురించి రాసినవారు తక్కువ.

షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్ మన దేశంలో బండ్ల బిగింపు 1954లోనే ఆపేసింది. రామారావు గారు రోడ్డెక్కేనాటికి కంపెనీ దుకాణం కట్టేసి ఇరవై ఎనిమిదేళ్లు. అలాంటి బండిని ఎండలో, మట్టిరోడ్ల మీద నడిపించాలంటే షోరూముకెళ్లి సామాను తెచ్చుకునే వీలుండదు. అరిగిన ముక్కను లేత్ మీద తిరిగి పుట్టించాలి, లేదా ఇంకో బండి ముక్కను దీనికి సరిపడేలా మలచాలి. అమెరికా పాత కార్లంటే మనకు చప్పున గుర్తొచ్చేవి సంస్థానాధీశుల షెడ్లు, సినిమావాళ్ల పోర్టికోలు. కృష్ణా డెల్టాలో వీటి అసలు కథ వేరే చోట ఉంది. ఇక్కడ అమెరికా బండి బస్సుగా, లారీగా, జీపుగా చాకిరీ చేసింది. దాన్ని బతికించింది మేస్త్రీలు. ఆ చాకిరీ బండ్లనూ ఆ చేతిపనినీ కూడా వారసత్వంగా లెక్కలోకి తీసుకోవాలని ఈ కథనం గట్టిగా అడుగుతోంది.

కర్ర బాడీ, బొగ్గు పొగ

1926లో ఫోర్డు, 1928లో జనరల్ మోటార్స్ మన దేశంలో అడుగుపెట్టాయి. ఫోర్డు బండ్లు మద్రాసులోనూ బిగించేవారు. మనది ఎడమవైపు నడిచే దేశం గనుక కుడివైపు స్టీరింగుతో కెనడా శాఖ నుంచి సామాను పెట్టెల్లో వచ్చేది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో డాడ్జి, ప్లిమత్, డిసోటా కార్లు బిగించింది. వీటిలో పేర్లు మూడైనా లోపలి సరుకు చాలావరకు ఒకటే. డాడ్జి సామానుతో ప్లిమత్ నడిచేది. మేస్త్రీలకు అదో పెద్ద వరం.

బస్సు వ్యాపారమైతే పూర్తిగా సొంత పూచీ మీదే. ఛాసిస్ కొనుక్కొచ్చి, వడ్రంగితో కర్ర చట్రం కట్టించి, పైన రేకు కొట్టించి, రూటు పర్మిట్ తెచ్చుకున్నవాడు బస్సు ఓనరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషన్ వచ్చాక బండి వెనక బొగ్గు డ్రమ్ము వచ్చి కూర్చుంది. బొగ్గు కాలగా వచ్చే గ్యాసుతోనే ఇంజిన్ తిరిగేది. బయల్దేరడానికి చాలాముందే క్లీనర్ లేచి నిప్పు రాజెయ్యాలి. ఆ గ్యాసుకు పెట్రోలంత బలం ఉండదు, ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయాలి. డెల్టాలో కొండలేం లేవు కానీ కాలవలకు లెక్కలేదు, ప్రతి కాలవకూ ఒక వంతెన ఉండేది.

ఈ ఓనర్ల పోరాటం దేశ న్యాయచరిత్రలో నిలిచిపోయింది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడే రోజుల్లోనే, కృష్ణా జిల్లా రూట్లు తీసుకోవాలని ప్రభుత్వం పథకం వేసినప్పుడు వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా లా విద్యార్థులు ఇవాళ్టికీ చదివేది దీన్నే. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేల్చడం విచారణ అనిపించుకోదని కోర్టు 1958 నవంబరులో ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆనక ప్రభుత్వం పద్ధతి సరిచేసుకుంది, రూట్లు ఆర్టీసీకి వెళ్లాయి. ఓనర్ల బండ్లు ఏ ముక్క ఎక్కడ పనికొస్తే అక్కడికి పోయాయి.

హైదరాబాద్ వైపు కథ ఇలా లేదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలం నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ వారి బస్ భవన్‌లో భద్రంగా నిలబడి ఉంది. అది స్కాట్లండ్ బండి. డెల్టా రోడ్ల మీద తిరిగిన షెవర్లే బస్సును ఏ బస్టాండులోనైనా అలా నిలబెట్టగా నేను చూడలేదు. సర్కారు కొన్న బండికి భద్రమైన చోటు దొరికింది, జనం అప్పుచేసి కొన్న బండికి మాత్రం పాత ఇనుము కొట్టే దిక్కయింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

సీటు కింద పెట్రోలు

అమెరికా బండ్లలో మనకు బాగా దగ్గరైంది జీపు. యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 60 గుర్రాల బలం. పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే. బంకుకు వెళ్తే డ్రైవర్ దిగి సీటు ఎత్తితే గానీ పెట్రోలు పోయడానికి లేదు. యుద్ధం అయ్యాక మిలటరీ వద్దనుకున్నవి డిస్పోజల్ జీపులుగా జనం చేతికొచ్చాయి. మహీంద్రా కంపెనీ 1947లో మొదటి విడతగా 75 బండ్ల సామాను తెప్పించి బొంబాయిలో బిగించింది. ఆ తర్వాత కూడా మన జీపులకు స్టీరింగు చాలా ఏళ్లు ఎడమ పక్కనే ఉండిపోయింది. వెనక రేకు మీద ‘లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్’ అని తెల్లరంగుతో రాసిన జీపు వెనక సైకిలు తొక్కని తరం మన ఊళ్లలో లేదు. బీడీఓ గారి జీపు, ఎస్సై గారి జీపు, సినిమా ప్రచారం జీపు, ఎన్నికలొస్తే రెండు మైకులు కట్టుకుని వీధివీధీ తిరిగే జీపు. కొండపల్లి కోట దారి లాంటి ఎత్తుకైనా, వానాకాలం నల్లరేగడి బురదకైనా నాలుగు చక్రాలూ లాగే ఆ బండే దిక్కు.

పాత జీపు కొనాలనుకునే కుర్రాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్లకో మాట. ముందు జాలీలో తొమ్మిది చీలికలుంటే యుద్ధకాలం బండి అనీ, ఏడుంటే తర్వాత మామూలు జనానికి చేసిందనీ లెక్క. లెక్క సరైనదే. కానీ జాలీ మార్చడం ఎంతసేపు పని? చీలికలు చూసి బయానా ఇచ్చెయ్యకండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్సీ పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుని బాడీ అంతా తిప్పండి. అది పట్టుకోని చోట రేకు తక్కువ, పుట్టీ ఎక్కువ.

బాడీ పని గురించి కొండపల్లి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. బొమ్మల కాలనీలో తెల్ల పొణికి కర్ర ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి, సుద్ద పూసి, ఆపైన రంగేస్తారు. టింకరింగ్ మేస్త్రీ పనీ ఇదే వరసలో నడుస్తుంది. రేకు కొట్టి తీర్చడం, అతకడం, పుట్టీ పట్టించి గీకడం, ప్రైమరు, రంగు. రెండు చోట్లా పనివాడి గొప్ప మక్కు ఎంత తక్కువ వాడాడన్న దాంట్లోనే తెలుస్తుంది.

మేస్త్రీ చేయి

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న జీపును లేపే రోజు చూడాలి. ఓనరుకు ఆత్రం ఆగదు.

“సెల్ఫ్ కొట్టి చూద్దామా మేస్త్రీ గారూ?”

“వద్దు బాబూ. రింగులు పట్టేసి ఉంటాయి. ముందు ఆయిలు తాగనివ్వండి.”

ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిలు పోసి రాత్రంతా వదిలేస్తాడు. మర్నాడు ప్లగ్గులు పెట్టకుండానే ముందునుంచి హ్యాండిల్ తగిలించి చేత్తో తిప్పుతాడు. బొటనవేలు మాత్రం అలవాటు కొద్దీ హ్యాండిల్ చుట్టూ వెయ్యడు, మిగతా వేళ్ల వైపే ఉంచుతాడు. ప్లగ్గులున్న ఇంజిన్ వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. తిరుగుతోందని నమ్మకం కుదిరాక పాత పెట్రోలు దించేసి, ట్యాంకు అడుగున తుప్పు కడిగి, కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదుతాడు. డెల్కో మూత తీసి పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో రుద్దుతాడు. ఇవన్నీ అయ్యాకే బ్యాటరీ.

బ్యాటరీ దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. నాటి అమెరికా కార్లలో చాలావాటికి ఆరు ఓల్టుల కరెంటు. ఓల్టులు సగమైతే అంతే పనికి రెట్టింపు కరెంటు పారాలి కాబట్టి లావు కేబుల్ కావాలి. పన్నెండు ఓల్టుల బండికి వాడే సన్న కేబుల్ తగిలిస్తే సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంది, ఓనరు బ్యాటరీని తిడతాడు. ఫోర్డు, డాడ్జి, ప్లిమత్ లాంటివాటికి బాడీకి కలపాల్సింది ప్లస్ తీగ. ఇప్పటి అలవాటు కొద్దీ మైనస్ కలిపితే డైనమో లెక్క తారుమారై కటౌట్ కాలిపోతుంది. చక్రాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. డాడ్జి, ప్లిమత్‌లకు ఎడమవైపు చక్రాల బోల్టులు ఎడమ మరవి. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తాయి. రెంచికి పైపు తొడిగి బలం చూపించినవాడి చేతిలో బోల్టు పుటుక్కుమంటుంది.

ఇక బెజవాడ ఎండ. మే నెల మధ్యాహ్నం పంపుకూ కార్బొరేటర్‌కూ మధ్య గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి, నడుస్తున్న బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. అనుభవం ఉన్న డ్రైవర్ బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, నీడలో కాసేపు కూర్చుంటాడు. బండి మళ్లీ కదులుతుంది.

ఈ విద్యలో ఒక్క ముక్కా పుస్తకంలో నేర్చుకున్నది కాదు. పానాలు అందిస్తూ మొదలై, గ్రీజు తుడుస్తూ, తిట్లు తింటూ, పదేళ్లకు మేస్త్రీలైనవారి విద్య ఇది. 1960ల్లో వెలిసిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇప్పటికీ లేత్ షెడ్డు, రేడియేటర్ షెడ్డు, కమాన్ పట్టీల కొలిమి, బోరింగ్ షాపు, సీట్లు కుట్టేవాళ్లు పక్కపక్కనే ఉన్నారు. ఒక బండికి కావాల్సిన పనులన్నీ నడిచివెళ్లేంత దూరంలో దొరికే చోటు దేశంలో ఎక్కువ లేవు. కానీ పాయింట్లు సరిచేయడం వచ్చినవారు ముసలివాళ్లయ్యారు, వాళ్ల దగ్గర చేరే కుర్రాళ్లు లేరు. ఇవాళ చేరే కుర్రాడికి కంప్యూటర్ తగిలించి లోపం చదవడమే నేర్పుతున్నారు, బతుకుతెరువుకు అదే సరైనది కూడా. అందుకే ఈ పాత విద్య దానంతటదే నిలబడుతుందనే ఆశ నాకు లేదు.

చట్టం ఎవరిని చూసింది?

2021 జూలైలో కేంద్రం పాతకాలపు బండ్ల రిజిస్ట్రేషన్‌కు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడే టూవీలర్లు, కార్లు దీనికిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20,000 రూపాయలు, పదేళ్లకోసారి మళ్లీ చేయించడానికి 5,000. నంబర్లో ‘వీఏ’ అక్షరాలుంటాయి. రోజువారీ వాడకం కుదరదు. ఇంతవరకూ మంచిదే, పాత కార్లు దాచుకున్నవారికి ఊరట. అయితే ఛాసిస్‌కూ, బాడీకీ, ఇంజిన్‌కూ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని అందులో షరతు ఉంది.

ఆ షరతు దగ్గర డెల్టా బండ్లు ఆగిపోతాయి. ఇక్కడ జీపు బతికిందే మార్పుల వల్ల. పెట్రోలు ధర మండాక డీజిల్ ఇంజిన్ దించుకుంది. పాత అమెరికా లారీ మద్రాసు సింప్సన్ వారి పెర్కిన్స్ ఇంజిన్‌తో ఇంకో జీవితం చూసింది. బస్సులకు, లారీలకు ఆ నిబంధనల్లో చోటే లేదు. వాన చినుకు పడకుండా దాచిన సెడాన్‌కు గౌరవం దక్కుతోంది, వరి బస్తాలు మోసిన బండికి దక్కడం లేదు. మార్పులు చేసిన బండ్లకు మరో తరగతి పెట్టి, ఏ ఇంజిన్ ఎప్పుడు మారిందో రాసిన కాగితంతో రిజిస్టర్ చేసుకునే వీలు కల్పించాలి. రవాణా బండ్లనూ అందులో చేర్చాలి. ఐటీఐల మోటార్ మెకానిక్ కోర్సులో ఆటోనగర్ పెద్ద మేస్త్రీలతో కొన్నాళ్లు పాఠాలు చెప్పించి, వీడియో తీసి దాచాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, మేస్త్రీలకు రోజు కూలీ ఇస్తే చాలు.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. తాతగారి జీపు పశువుల పాకలోనో రైసుమిల్లు వెనకో ఉంటే కిలోల లెక్కన తూచి అమ్మకండి. ఆర్సీ, టాక్సు రసీదులు, పాత ఫొటోలు ఒక సంచిలో పెట్టండి. ఇంజిన్ మార్చి ఉంటే ఊడదీసిన పాతది ఎక్కడుందో ఇంట్లో పెద్దల్ని అడగండి, ఉంటే తెచ్చి బండి పక్కనే ఉంచండి. చక్రాల కింద రాళ్లు పెట్టి బండిని నేలమీంచి లేపండి. ఎలుకలు దూరకుండా పొగగొట్టానికి గుడ్డ కుక్కండి. ఆ తర్వాత మేస్త్రీకి కబురుపెట్టండి. ఆయన వచ్చేదాకా సెల్ఫ్ జోలికి పోకండి.