గోడ ఎందుకు నల్లబడుతుంది? చేత్తో ఎలా కడగాలి?

కార్తీకం వెళ్లి వానలు వెనకపట్టాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వినిపించే ప్రశ్న ఒకటుంది: "గోడంతా పాచి పట్టీసింది, ఏటి సేయాల?" సంక్రాంతి దగ్గరకొస్తోంది కాబట్టి చాలామంది గీకించేసి రంగు వేయించేస్తారు. కింద ఉన్నది చావకుండా పైన వేసిన రంగు ఒక్క వానాకాలం తిరిగేసరికి మళ్లీ నల్లబడుతుంది. అందుకే ముందు ఆ నలుపు ఏమిటో తెలుసుకోవాలి.

అందులో ఎక్కువ భాగం ప్రాణమున్నదే. కంటికి విడివిడిగా కనపడని నాచు, దాంతోపాటు బూజు. దానికి కావలసింది తేమ. ఈ రెండు జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. నైరుతి వానలకు తడిసిన గోడ ఆరకముందే అక్టోబరులో వాయుగుండాల కాలం వచ్చేస్తుంది. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరులోనే. వానలో పచ్చగా, జారుడుగా ఉన్న పొర ఎండాక నల్లగా ఎందుకు కనిపిస్తుందంటే, ఈ నాచుల్లో కొన్ని ఎండ నుంచి కాపాడుకోవడానికి తమ చుట్టూ ముదురు రంగు పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. ఎండిపోయినట్టు కనిపించినా అది చచ్చిపోలేదు. నాలుగు చినుకులు పడితే మళ్లీ లేస్తుంది.

ఉత్తరం గోడకే ఎందుకు ఎక్కువ పడుతుంది? మనం ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 18 డిగ్రీల దగ్గర. మే నడిమి నుంచి జులై చివరి దాకా తప్ప, మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణం వైపే ఉంటాడు. వానలు తగ్గి గోడ ఆరాల్సిన నవంబరు, డిసెంబరుల్లో ఉత్తరం గోడకు ఎండ తగలనే తగలదు. ఉద్దానంలో కొబ్బరి చెట్ల నీడన కట్టుకున్న ఇళ్లకైతే నాలుగు గోడలదీ అదే పరిస్థితి.

గోడ మీద ఉన్నదంతా నాచు కాదు కాబట్టి కడిగే ముందు చిన్న పరీక్ష చెయ్యాలి. బ్లీచింగ్ నీళ్లలో గుడ్డ ముంచి మరక మీద అద్ది కొద్ది నిమిషాలు చూడండి. రంగు వెలిసిందంటే అది నాచో బూజో. ఏ మార్పూ లేకపోతే మట్టో, పొగో, ఇనుప తుప్పో. తెల్లటి పొడిలా ఉండి, తడిపితే మాయమై ఆరాక మళ్లీ పైకి తేలితే అది ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్లలో, నేల చెమ్మ పైకి పీల్చే గోడల్లో ఉప్పు తప్పదు. దాన్ని నీళ్లతో కడిగితే కరిగి తిరిగి గోడలోకే పోతుంది. పొడి చీపురుతో దులిపి, కింద పడిన పొడిని చేటలోకి ఎత్తి దూరంగా పారబోయాలి. విజయనగరం వైపు గోడల అడుగున రెండడుగుల మేర పట్టే ఎర్రమట్టి చిందులకు కూడా ముందు పొడి బ్రష్షే. తర్వాతే సబ్బు నీళ్లు.

నాచు అని తేలితే గీకడం కంటే ముందు చంపడం. వరదల తర్వాత పంచాయతీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరే దీనికీ చాలు. ప్లాస్టిక్ బకెట్టులో పది లీటర్ల నీళ్లకు మూడు వందల గ్రాములు కలిపి, అరగంట వదిలేసి, పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోవాలి. పొట్లం విప్పగానే ఘాటు రాకపోతే అందులో సత్తువ లేనట్టే. ఎండలో కూడా దాని బలం త్వరగా పోతుంది, గోడ మీద ఆరిపోతే పనిచెయ్యదు. అందుకే పొద్దున్నే, నీడలో ఉన్న గోడతో మొదలుపెట్టాలి. కిందనున్న మొక్కల్ని ముందుగా మంచినీళ్లతో తడపాలి.

ఈ నీళ్లు పట్టించడం కింది నుంచి పైకి. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. పై నుంచి మొదలుపెడితే మురికితో కలిసిన బ్లీచింగ్ నీళ్లు పొడిగోడ మీద చారలుగా దిగుతాయి. గోడ ఆ నీళ్లను అక్కడికక్కడే పీల్చుకుంటుంది, ఆ చారలు తర్వాత ఎంత తోమినా పోవు. కింది భాగం ముందే తడిసి ఉంటే దిగిన నీళ్లు నిలవకుండా జారిపోతాయి. పావుగంట ఆగి కొబ్బరి పీచుతోనో నైలాన్ బ్రష్‌తోనో తోమాలి. ఇనుప బ్రష్ వద్దు, అది గోడను గీరి నాచు కూర్చోవడానికి కొత్త గరుకు చేస్తుంది. చివర్లో మంచినీళ్లు పోయడం మాత్రం పై నుంచి కిందికి. కిటికీ గ్రిల్లులను రెండుసార్లు కడగండి, క్లోరిన్ మిగిలితే ఇనుము తుప్పు పడుతుంది.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. నిచ్చెన ఎక్కితే కింద ఒక మనిషి పట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ బాత్రూం క్లీనర్ గానీ కలపకూడదు. విషవాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. విడిగా వాడినా యాసిడ్ గోడకు మంచిది కాదు. సున్నాన్నీ సిమెంటునూ అదే తినేస్తుంది, బుడగలు రావడం మురికి పోతోందని కాదు, గోడ కరుగుతోందని. ఒత్తిడితో నీళ్లు కొట్టే మిషన్ కూడా పాత పూతకు ప్రమాదమే. సన్న పగుళ్లలోంచి నీళ్లు లోపలికి తోస్తుంది. మట్టిగోడనైతే అసలు కడగొద్దు, దులిపి మళ్లీ మెత్తుకోవడమే.

ఇంతచేసినా గోడ మీదికి వచ్చే నీళ్లు ఆగకపోతే చేసిందంతా వృథా. మన తీరంలోని గుండ్రటి చుట్టిళ్లు చూడండి. తాటాకు చూరు దాదాపు నేలదాకా దిగి ఉంటుంది, వాన గోడను తాకదు. ఇప్పటి స్లాబు ఇళ్లకు చూరే లేదు. సన్‌షేడ్ అడుగున అంచు వెంట చిన్న గాడి ఉంటే నీటిబొట్టు అక్కడే తెగి కింద పడుతుంది. గాడి లేకపోతే అడుగు వెంట పాకి గోడ ఎక్కుతుంది. పిట్టగోడ తూముల కింద కనపడే నల్లటి నాలుకలు కూడా ఇలా నీళ్లు గోడ మీద పారడం వల్ల వచ్చినవే. తూముకు ఒక అడుగు గొట్టం తగిలిస్తే చాలు, నీళ్లు గోడకు దూరంగా పడతాయి. రంగు డబ్బా కొనేముందు ఆ గొట్టం కొనండి.

ఏటా పండగకు ముందు సున్నం వేసే అలవాటుకు గట్టి కారణం ఉంది. తాజా సున్నానికి క్షారం ఎంత ఎక్కువంటే నాచు దాని మీద బతకలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం నెమ్మదిగా రాయిగా మారేకొద్దీ ఆ క్షారం తగ్గుతుంది, నాచుకు మళ్లీ చోటు దొరుకుతుంది. అందుకే ఏడాదికోసారి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడకు సున్నం పట్టదు, పొరలుగా రాలుతుంది. అలాంటి గోడను కడిగి, మూడు నాలుగు ఎండలు బాగా తగిలాకే రంగు వేయాలి. సున్నం గోడకు ఇది తిరగబడుతుంది. గోడ మీద నీళ్లు చల్లి, ఆ తడి మీదే సున్నాన్ని పాలలా పల్చగా కలిపి మొదటి పూత వేయాలి. రెండో పూత మర్నాడు, మళ్లీ కాస్త తడిపి.