ఒక్క చక్కెర తీసేస్తే

మొదటి దశ పరీక్షలో ఒక్కోసారి పట్టుమని ఇరవై మందికి కూడా మందివ్వరు కదా, దాంతో ఏం తేలుతుందని ఒక పాఠకురాలు అడిగారు. ఆ దశలో ప్రధానంగా చూసేది ఒళ్లు ఎంత మోతాదు తట్టుకుంటుందన్నదే. కానీ మొగాములిజుమాబ్ అనే యాంటీబాడీ సంగతి చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. పాల్గొన్నది 16 మంది, అందరిదీ తిరగబెట్టిన రోగమే. ఎక్కువమందిది హెచ్‌టిఎల్‌వి-1 వైరస్ తెచ్చిపెట్టే అరుదైన టి-కణ కేన్సర్. క్యూషూ దీవి ప్రాంతంలో అది ఎక్కువ. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి 1 మిల్లీగ్రాము దాకా వెళ్లారు. ఐదుగురికి రోగం తగ్గింది, వారిలో ఇద్దరికి పూర్తిగా.

ఈ మందు పదునంతా లేని ఒక చక్కెరలో ఉంది!

యాంటీబాడీ చేతులు కేన్సర్ కణం మీది సిసిఆర్4 ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. చంపే పని మాత్రం రోగనిరోధక వ్యవస్థలోని ఎన్‌కె కణాలది. అవి యాంటీబాడీ తోకను అందుకుని, కేన్సర్ కణంలోకి విషం గుమ్మరిస్తాయి. ఆ తోకలో 297వ అమైనో ఆమ్లం దగ్గర చక్కెరల కొమ్మ ఉంటుంది, దాని మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర. ఎన్‌కె కణపు గ్రాహకానికీ 162వ స్థానంలో సొంత చక్కెర కొమ్మ ఉంది. రెండు కొమ్మలూ దగ్గరగా ఒదగాలంటే ఫ్యూకోజ్ అడ్డం. అది లేకపోతే పట్టు యాభై రెట్ల దాకా పెరుగుతుంది.

ఇది తేలడానికి ముందు చాలామంది వేరే చక్కెరలను అనుమానించారు. 1999లో జ్యూరిచ్ శాస్త్రవేత్తలు కొమ్మ నడుమ అదనపు చక్కెర ఒకటి చేర్చి, యాంటీబాడీ చంపే శక్తిని పెంచారు. ఘనత ఆ చక్కెరకే దక్కింది. కొందరు గాలక్టోజ్‌ను నమ్మారు. 2003లో జపాన్ కంపెనీ క్యోవా హక్కో పరిశోధకులు ఒకే యాంటీబాడీని ఎలుక కణాల్లోనూ హామ్‌స్టర్ కణాల్లోనూ తయారుచేశారు. ఎలుక కణాలు ఇచ్చినదే ఎంతో బలమైనది. చక్కెరలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, తేడా తెచ్చింది ఫ్యూకోజ్ లేకపోవడమే. జ్యూరిచ్‌వారి ఫలితం సరైనదే: ఆ అదనపు చక్కెర ఉన్న కొమ్మకు ఫ్యూకోజ్ తగిలించడం ఎంజైముకు సాధ్యం కాదు! ఆ తర్వాత హామ్‌స్టర్ కణాల్లో ఆ ఎంజైము జన్యువునే తీసేశారు. మొగాములిజుమాబ్ తయారయ్యేది అలాంటి కణాల్లోనే.

జపాన్ 2012లో దీనికి అనుమతి ఇచ్చింది. నాకున్న బాధ ఒకటే. రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే టి-కణాల మీద కూడా సిసిఆర్4 ఉంటుంది, అవీ చస్తాయి. మందు తీసుకున్న కొద్ది వారాల్లోనే దాత మూలకణాలు ఎక్కించుకున్నవారిలో, ఆ దాత కణాలు రోగి ఒంటి మీదే తీవ్రంగా దాడి చేశాయి. 16 మందిలో ఇది బయటపడే వీలు లేదు. అనుమతి వచ్చాక, వందలాది రోగుల రికార్డులు తిరగేసినప్పుడు తెలిసింది: మందు ఆపాక 50 రోజులు గడవకముందే మూలకణ మార్పిడి చేస్తే ముప్పు ఎక్కువ.